అలైన్‌మెంట్ షీట్ అంతా పచ్చగానే ఉంది, క్యారవాన్ మాత్రం ఊగుతోంది

తిరుపతి రేణిగుంట రోడ్డులోని మా షెడ్డుకు రాకముందే ఈ క్యారవాన్‌కు వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు కొలిచి సర్దడం) అయిపోయింది. వేరే చోట్ల ఒకటికి రెండుసార్లు చేయించిన షీట్లు ఓనరు చేతిలో ఉన్నాయి. టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండడం), క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం పక్కకు వాలి ఉండడం) రెండూ పచ్చ రంగులోనే వచ్చాయి. ఆ షీట్ల ప్రకారం బండికి ఏ జబ్బూ లేదు. రోడ్డెక్కితే మాత్రం అరవై దాటాక నిలకడ లేదు. కాసేపు ఎడమకు, కాసేపు కుడికి జారుతూనే ఉంటుంది. ఇలాంటి ఫిర్యాదుతో క్యారవాన్లు, స్లీపర్‌గా మార్చిన మినీ బస్సులు, అంబులెన్సులు వస్తూనే ఉంటాయి. అందులో దాదాపు అన్ని కారణాలూ ఒకే బండిలో కనిపించిన కేసు ఇది. అందుకే మొదటినుంచీ వివరంగా రాస్తున్నాను.

బండి మినీ బస్ ఛాసిస్ మీద కట్టించిన క్యారవాన్. ఏ కంపెనీ ఛాసిస్ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ముందు ఒకే దూలంలా ఉండే బీమ్ యాక్సిల్, కమాన్ కట్టలు (ఉక్కు పట్టీలు పొరలుగా పేర్చిన స్ప్రింగులు), కింగ్ పిన్నులు (ముందు చక్రాలు పక్కలకు తిరగడానికి ఆధారమైన నిలువు పిన్నులు), వెనక జంట టైర్లు ఉన్న ఏ బండికైనా ఈ కథ వర్తిస్తుంది. వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం) 3,350 మి.మీ. పవర్ స్టీరింగ్ ఉంది. లోపల మంచం, చిన్న వంటగది, బాత్రూమ్, ఏసీ, 200 లీటర్ల నీళ్ల ట్యాంకు, రెండు పెద్ద ట్యూబులర్ బ్యాటరీలు. ఓనరు మదనపల్లె నుంచి వచ్చిన రిటైర్డ్ ఉద్యోగి. భార్యాభర్తలిద్దరే బండిలో తిరుగుతారు, డ్రైవింగ్ కూడా ఆయనే.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తాను. "పీలేరు దాటినాక రోడ్డు బాగుంటాది కదా నాయనా, అక్కడే ఎక్కువ బయం. లారీ పక్కన వస్తే ముందర అవతలికి తోస్తాది, దాటినాక దాని పక్కకు లాగతాది. స్టీరింగు పట్టుకోని పట్టుకోని భుజాలు పడిపోతా ఉండాయి." ఆ తర్వాత, పెద్ద విషయం కాదన్నట్టుగా ఇంకో మాట అన్నారు: "భాకరాపేట ఘాట్‌లో మలుపు తిరిగినాక స్టీరింగు దానంతట అది రాదు. మనమే తిప్పుకోవాల."

నాకు సగం కేసు ఆ రెండో మాటలోనే దొరికింది. బండి ఎప్పుడూ ఒకే పక్కకు పోతుంటే దాన్ని లాగడం అంటాం. టైరు, బ్రేకు, రెండు చక్రాల మధ్య క్యాస్టర్ (కింగ్ పిన్ వెనక్కి వాలే కోణం) తేడా లాంటి కారణాలు చూస్తాం. స్టీరింగ్ గడగడా వణికితే అది వేరే, బ్యాలెన్సింగ్ నుంచి మొదలుపెడతాం. రెండు పక్కలకూ తిరుగుతూ, సరిచేసిన ప్రతిసారీ అవసరానికి మించి సరిచేయాల్సి వస్తుంటే, పైగా మలుపు తర్వాత స్టీరింగ్ మధ్యకు రాకపోతే, ఆ బండికి నిటారుగా పోవాలన్న గుణమే పోయిందని అర్థం. ఆ గుణం టో వల్ల రాదు. ముందు చక్రాల మీద పడే బరువు, క్యాస్టర్ కోణం, కీళ్లు తేలిగ్గా తిరగడం, ఈ మూడూ కలిస్తేనే వస్తుంది. ఆ రెండు షీట్లలో ఈ మూడింటిలో ఒక్కటి కూడా లేదు. క్యాస్టర్ గడి ఖాళీగా ఉంది. క్యాస్టర్ కొలవాలంటే చక్రాలను టర్న్ ప్లేట్ల (చక్రం కింద పెట్టే, తిరిగే పళ్లేల) మీద రెండు వైపులా తిప్పి రీడింగ్ తీయాలి. దానికి టైమ్ పడుతుందని చాలా చోట్ల వదిలేస్తారు. పైగా ఆ కొలతలు తీసినప్పుడు ట్యాంకులో నీళ్లు లేవు, సామాను ఇంట్లో ఉంది. ఖాళీ బండికి కొలత తీసి, నిండు బండితో హైవే ఎక్కారు.

ముందు కాటా

అందుకే బండిని ర్యాంపు ఎక్కించలేదు. "యాత్రకు పోయేటప్పుడు ఎట్లుంటాదో అట్లనే తెండి సార్. నీళ్లు, సిలిండరు, పరుపులు, బట్టలు, అన్నీ ఉండాల. మీరిద్దరూ కూర్చోండి," అని చెప్పి వేబ్రిడ్జికి తీసుకెళ్లాం. మొత్తం బండి, ముందు యాక్సిల్ ఒక్కటే, వెనక యాక్సిల్ ఒక్కటే, తర్వాత ఎడమ చక్రాలు మాత్రమే, కుడి చక్రాలు మాత్రమే. ఇన్నిసార్లు ఎందుకని కాటా అబ్బాయి విసుక్కున్నాడు గానీ ఈ కాగితాలు లేకుండా మిగతా పనికి అర్థం లేదు.

మొత్తం 4,310 కేజీలు. ముందు 1,340, వెనక 2,970. ఎడమ వైపు 2,290, కుడి వైపు 2,020. అంటే ముందు యాక్సిల్ మీద ఉన్నది మూడో వంతుకన్నా తక్కువ. వెనక యాక్సిల్ ప్లేటు మీద రాసిన పరిమితికి దగ్గరగా ఉంది. ఎడమకు, కుడికి 270 కేజీల తేడా.

బండి వెనక వైపు కిందికి వంగి చూస్తేనే కారణం తెలిసిపోతుంది. బాడీ కట్టినవాళ్లు నీళ్ల ట్యాంకును వెనక యాక్సిల్ దాటాక, బంపర్ వైపు పెట్టారు. యాక్సిల్ నుంచి దాని మధ్యభాగానికి టేపు పెడితే 1.2 మీటర్లు. ఇక్కడ చాలామందికి తట్టని లెక్క ఒకటుంది. వెనక యాక్సిల్‌కు అవతల పెట్టిన బరువు వెనక చక్రాల మీద పడి ఊరుకోదు, ముందు భాగాన్ని పైకి లేపుతుంది. 200 కేజీల నీళ్లను 1.2తో గుణించి 3.35తో భాగిస్తే 72 కేజీలు దాకా వస్తుంది. అంత బరువు ముందు చక్రాల మీది నుంచి లేచిపోయింది. వెనక యాక్సిల్ మీద 200 బదులు 272 పడుతోంది. బ్యాటరీలు రెండూ కలిపి 110 కేజీల పైమాటే. అవి ఇంకా వెనకగా, 1.5 మీటర్ల దూరంలో, అదీ ఎడమ మూలలో ఉన్నాయి. వాటి వల్ల ముందు నుంచి మరో 49 కేజీలు పోయాయి. స్టీరింగ్ చేయాల్సిన చక్రాలే రోడ్డును గట్టిగా పట్టుకోలేకపోతే డ్రైవరు ఎంత జాగ్రత్తగా ఉన్నా లాభం లేదు. పెట్టె లాంటి ఎత్తైన బాడీ మీద గాలి కొట్టినప్పుడు మొదట పక్కకు జరిగేది తేలికైన ముందు భాగమే.

అదనపు కట్ట చేసిన చేటు

వెనక అంత బరువుంటే బండి వెనక్కు కూలబడాలి. ఇది మాత్రం కొంచెం ముందుకు వంగి నిలబడింది. ఎందుకంటే ఓనరు అంతకుముందు, వెనక భాగం దిగిపోతోందని, ఒకచోట వెనక స్ప్రింగులకు అదనంగా ఒక్కో కట్ట (ఉక్కు పట్టీ) వేయించారు. చూడ్డానికి బండి లేచింది, ఆయనకూ సంతోషమైంది. ఊగడం మాత్రం అక్కడినుంచే ఎక్కువైంది. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

సంబంధం ఇదీ. సైకిల్ ముందు ఫోర్కు ఎప్పుడూ వెనక్కి వాలి ఉంటుంది, అందుకే చేతులు వదిలేసినా కాస్త దూరం నిటారుగా పోతుంది. కింగ్ పిన్ కూడా అలాగే పైభాగం వెనక్కి వాలి ఉండాలి. ఆ వాలు గీతను కిందికి పొడిగిస్తే, టైరు రోడ్డును తాకే చోటుకన్నా కొంచెం ముందు నేలను తాకుతుంది. అప్పుడు టైరు ఎప్పుడూ ఆ బిందువు వెనక ఈడ్చుకుంటూ వస్తుంది. పక్కకు తిరిగినా తనంతట తాను నిటారుకు వస్తుంది. ఈ వాలునే క్యాస్టర్ అంటాం. బీమ్ యాక్సిల్ బండిలో యాక్సిల్ కట్టలకు బిగించి ఉంటుంది, కట్టలు ఛాసిస్‌కు. ఛాసిస్ ముందుకు ఎంత వంగితే క్యాస్టర్ అంత తగ్గుతుంది. వెనక భాగాన్ని 60 మి.మీ. లేపితే, 3,350 మి.మీ. వీల్‌బేస్ మీద దాదాపు ఒక డిగ్రీ వంపు వస్తుంది. ఉండాల్సింది రెండున్నర, మూడు డిగ్రీల మధ్య అయినప్పుడు ఒక డిగ్రీ పోవడం చిన్న విషయం కాదు.

టర్న్ ప్లేట్ల మీద, నిండు బండితో కొలిస్తే క్యాస్టర్ ఎడమ 0.9, కుడి 1.1. టో 3 మి.మీ. బయటికి ఉంది. ముందు టైర్ల ట్రెడ్ మీద అరచేతిని లోపల్నుంచి బయటికి, బయటినుంచి లోపలికి రాసి చూస్తే ఒక దిశలో నున్నగా, ఇంకో దిశలో గరుకుగా తగిలింది. టో తప్పుగా ఉన్న బండి చాలా దూరం తిరిగితేనే ఇలా వస్తుంది. క్యాంబర్ రెండు వైపులా అర డిగ్రీ అటూ ఇటూ, సరిగ్గానే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. బీమ్‌కు గ్యాస్ కట్టర్‌తో వేడి పెట్టి వంచి క్యాంబర్ తెచ్చేవాళ్లను చూశాను. ఫోర్జింగ్ చేసిన ఉక్కుకు అలా వేడి తగిలితే దాని బలం పోతుంది. ఆ పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి.

వెనక యాక్సిల్ కూడా చూశాం. ముందు, వెనక ఒక్కో చక్రం మధ్య బిందువు నుంచి తూగుగుండుతో నేల మీద సుద్ద గుర్తులు పెట్టి టేపు లాగితే, ఎడమ కొలతకూ కుడి కొలతకూ 6 మి.మీ. తేడా. అదనపు కట్ట వేసినప్పుడు పాత యూ బోల్టులే (యాక్సిల్‌ను కట్టలకు బిగించే యూ ఆకారపు బోల్టులు) మళ్లీ బిగించారు. అవి సాగి వదులై, యాక్సిల్ కొద్దిగా పక్కకు తిరిగింది. బండి నేరుగా పోతున్నప్పుడు స్టీరింగ్ చక్రం కొంచెం వంకరగా ఉండడానికి ఇదొక కారణం.

వదులే కాదు, బిగుతు కూడా

స్టీరింగ్ ఊగితే అందరూ వదులు కోసమే వెతుకుతారు. మేమూ వెతికాం. బండి నేల మీదే ఉండగా, ఇంజన్ ఆన్ చేసి, మా అబ్బాయి ఒకడు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే, కింద పడుకుని ఒక్కో జాయింటు మీద చెయ్యి పెట్టి చూశాం. కంటికన్నా వేలికి ముందు తెలుస్తుంది. డ్రాగ్ లింక్ (స్టీరింగ్ గేర్ల పెట్టె నుంచి చక్రం వైపు పోయే కడ్డీ) వెనక బాల్ జాయింట్‌లో కాస్త ప్లే, అంటే వదులు ఉంది. టై రాడ్ (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ) ఎండ్లు బాగున్నాయి. ముందు స్ప్రింగును ఛాసిస్‌కు కలిపే షాకిల్ బుష్ (కీలు లోపలి గొట్టం) ఒకటి అరిగింది. తర్వాత చక్రాలు లేపి, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోగా, చక్రాన్ని పైన కింద పట్టుకుని ఊపాం. బ్రేకు ఎందుకంటే, వీల్ బేరింగ్ వదులు ఈ కదలికలో కలవకూడదు. బ్రేకు పట్టినా కదిలితే అది కింగ్ పిన్ వదులే. ఎడమ పక్క కొంచెం కదిలింది. కుడి పక్క అసలు కదల్లేదు.

కుడి పక్క కదలకపోవడమే నాకు అనుమానం తెప్పించింది. ఆ వయసున్న బండిలో కింగ్ పిన్ అంత గట్టిగా ఉండకూడదు. డ్రాగ్ లింక్ తీసేసి, టై రాడ్ కూడా విప్పి, రెండు చక్రాలను విడివిడిగా చేతితో తిప్పాం. ఎడమ చక్రం రెండు వేళ్లతో తోస్తే పోయింది. కుడి చక్రాన్ని రెండు చేతులతో తోస్తే, సగం దూరం పోయి అక్కడే నిలబడిపోయింది. వెనక్కి లాగితే అదే మొండితనం.

గ్రీజు నిపిల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) కోసం వెతికితే కనబడలేదు. నకిల్ (కింగ్ పిన్ చుట్టూ చక్రంతో పాటు తిరిగే భాగం) అంతా నల్లగా, ఒకే ముద్దలా ఉంది. బాడీ కట్టించినప్పుడు తుప్పు పట్టకుండా కింద నల్ల కోటింగ్ కొట్టారు. కొట్టేటప్పుడు నిపిళ్లకు టేపు వేయలేదు. స్క్రూడ్రైవరుతో గీకితే మందపాటి తోలులా ఊడొచ్చింది, దాని కింద నిపిల్ తల, బాల్ లోపలికి బిగుసుకుపోయి ఉంది. కొత్త నిపిల్ వేసి గన్ పెడితే పైన బుష్ దగ్గర పాత గ్రీజు ఎండిన పిడకలా కొంచెం బయటికొచ్చింది, కింద బుష్ దగ్గర ఏమీ రాలేదు. విప్పి చూస్తే కింది థ్రస్ట్ బేరింగ్ (పైనుంచి పడే బరువును మోసేది) ఎర్రగా తుప్పు పట్టింది, పిన్ను మీద గీతలు. బాడీ కట్టిన రోజు నుంచీ సర్వీసు చేసిన ప్రతివాడూ అక్కడ గ్రీజు గన్ పెట్టే ప్రయత్నమే చేసి ఉండడు, ఎందుకంటే పెట్టాల్సిన చోటే కనిపించదు.

ఈ బిగుతు బండిని ఎలా ఊపుతుందో ఒక్క క్షణం ఆలోచించండి. క్యాస్టర్ తక్కువగా ఉంది కాబట్టి చక్రాన్ని మధ్యకు తెచ్చే బలం ముందే తక్కువ. ఆ కొంచెం బలాన్నీ తుప్పు పట్టిన పిన్ను అడ్డుకుంటోంది. చక్రం ఎటు తిరిగిందో అటే ఉండిపోతుంది. డ్రైవరు సరిచేస్తాడు, మొదట కదలదు, ఇంకొంచెం తిప్పితే ఒక్కసారిగా కదులుతుంది, ఎక్కువ కదులుతుంది. మళ్లీ అవతలికి. పవర్ స్టీరింగ్ ఉండడం వల్ల ఆ బిగుతు చేతికి తెలియదు. మెషీనే బలం పెడుతుంది కాబట్టి తిప్పడం తేలిగ్గానే ఉంటుంది. తిరిగి రావడానికి మాత్రం పవర్ స్టీరింగ్ సాయం చేయదు.

దీనికి తోడు స్టీరింగ్ బాక్స్, అంటే స్టీరింగ్ గేర్ల పెట్టె. డ్రాగ్ లింక్ విప్పి ఉన్నప్పుడే స్టీరింగ్ చక్రాన్ని మెల్లగా తిప్పి చూస్తే, సరిగ్గా మధ్యలో ఒకచోట పట్టేస్తోంది. పైనున్న సర్దుబాటు స్క్రూ చుట్టూ పెయింట్ పగిలి ఉంది, ఎవరో స్పానర్ వేసిన గుర్తులు ఉన్నాయి. స్టీరింగ్ ప్లే ఎక్కువైందని ఆ స్క్రూను బిగించేయడం మన దగ్గర చాలా మామూలు. ప్లే పోయినట్టు అనిపిస్తుంది. నిజానికి నేరుగా పోయేటప్పుడు బాక్సు ఎక్కడ స్వేచ్ఛగా ఉండాలో అక్కడే పట్టేస్తుంది, గేర్లు కూడా త్వరగా అరుగుతాయి. స్టీరింగ్‌లో ప్లే ఉంటే ముందు జాయింట్లు చూడాలి. బాక్సు దగ్గరకు చివరగా, అదీ మాన్యువల్‌లో చెప్పిన కొలతతోనే పోవాలి. ఇక్కడి ప్లే అంతా డ్రాగ్ లింక్ జాయింటుది, శిక్ష మాత్రం బాక్సుకు పడింది.

టైర్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. ముందు టైర్లకు గాలి 65 పీఎస్ఐ కొట్టారు, గట్టిగా ఉంటే నిలకడ వస్తుందని ఎవరో చెప్పారట. తేలికైన ముందు భాగానికి అంత గాలి పెడితే టైరు మధ్యభాగం మాత్రమే రోడ్డును తాకుతుంది. వెనక ఎడమ లోపలి టైరులో 38 మాత్రమే ఉంది. జంట టైర్లలో లోపలిదాని వాల్వు చేతికందదు, అందుకే గాలి పట్టేవాళ్లు బయటిదాన్నే చూసి పంపేస్తారు. లోపలిది మెత్తబడితే వెనక భాగం పక్కకు తేలినట్టు ఉంటుంది, ఆ బరువంతా మోసే బయటి టైరు వేడెక్కి పగిలే ప్రమాదం కూడా ఉంది. వాల్వు ఎక్స్‌టెన్షన్లు వేశాం.

పని చేసిన వరుస

ఈ కేసులో పని ఎంత ముఖ్యమో దాన్ని చేసే వరుస కూడా అంతే ముఖ్యం. టో చివరికి రావాలి. బరువు, ఎత్తు, కీళ్లు కుదరక ముందు టో సెట్ చేస్తే అది వారం కూడా నిలవదు.

మొదట ట్యాంకు. బాడీ బిల్డరు దగ్గరికి నేనే వెళ్లి, వెనక యాక్సిల్‌కు ముందు ఒక మీటరు దూరంలో, మంచం కింద చోటు చూపించాను. పాత ట్యాంకులో అడ్డు పలకలు లేవు. మలుపులో నీళ్లన్నీ ఒక పక్కకు దూకేవి. కొత్తదానికి లోపల అడ్డు పలకలు పెట్టించి, ఛాసిస్ క్రాస్ మెంబర్లకు (అడ్డ దూలాలకు) ఇనుప పట్టీలతో కట్టించాం. ఛాసిస్ రైలు (నిలువునా పోయే పొడవాటి దూలం) పై, కింది అంచుల్లో రంధ్రం వేయడానికి గానీ వెల్డింగ్‌కు గానీ ఒప్పుకోలేదు. రైలు బలమంతా ఆ అంచుల్లోనే ఉంటుంది. బ్యాటరీలను కుడి పక్కకు, యాక్సిల్‌కు ముందు 1.3 మీటర్ల దగ్గరకు తెచ్చాం. ట్యాంకు వల్ల ముందు యాక్సిల్‌కు 131 కేజీలు, బ్యాటరీల వల్ల 92 కేజీలు తిరిగి రావాలని లెక్క. మళ్లీ కాటా వేస్తే ముందు 1,560, వెనక 2,750 వచ్చింది. ఎడమ కుడి తేడా 270 నుంచి 110కి దిగింది. ఒక్క కొత్త స్పేర్ పార్టు వేయకుండానే ముందు చక్రాలకు 220 కేజీలు దక్కాయి.

తర్వాత వెనక అదనపు కట్టలు తీసేశాం. బరువు ముందుకు జరిగింది కాబట్టి ఇప్పుడు వాటి అవసరం లేదు. వెనక భాగం 55 మి.మీ. దిగింది. కొత్త యూ బోల్టులు వేసి, యాక్సిల్‌ను సరిచేసి బిగించాక, ఎడమ కుడి వీల్‌బేస్ తేడా 2 మి.మీ.లోపుకు వచ్చింది. యూ బోల్టును ఒకసారి బిగిస్తే సాగుతుంది, విప్పినదాన్ని మళ్లీ వేయకూడదు. ఖర్చు తగ్గించుకోవాలంటే ఇంకెక్కడైనా తగ్గించుకోండి, ఇక్కడ వద్దు.

కింగ్ పిన్ కిట్ రెండు వైపులా మార్చాం. ఒక పక్క కొత్తది, ఇంకో పక్క పాతది ఉంటే రెండు చక్రాలు రెండు రకాలుగా స్పందిస్తాయి. కుడి పిన్ను ఒక పట్టాన రాలేదు. మా అబ్బాయి "అన్నా, కొంచెం వేడి పెడదామా," అన్నాడు. వద్దన్నాను. తుప్పు వదిలే నూనె పోసి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే ప్రెస్సుతో తోశాం. బుష్‌లను రీమర్‌తో పిన్నుకు సరిగ్గా సరిపోయేలా చేసి, షిమ్ములతో (పల్చటి రేకులతో) పై కింద ఖాళీ కుదిర్చాం. ఇప్పుడు రెండు చక్రాలూ ఒకే రకంగా, రెండు వేళ్లకు కదిలాయి. గ్రీజు కొట్టేటప్పుడు చక్రం నేలకు తగలకుండా లేపి కొట్టాలి. బరువు మీద ఉంటే థ్రస్ట్ బేరింగ్ మధ్యలోకి గ్రీజు పోదు. డ్రాగ్ లింక్ జాయింటు, షాకిల్ బుష్ మార్చాం. స్టీరింగ్ బాక్స్ స్క్రూను మాన్యువల్ ప్రకారం వదులు చేసి సెట్ చేశాక మధ్యలో పట్టడం పోయింది.

అప్పుడు క్యాస్టర్ కొలిస్తే ఇంకా రెండు కన్నా తక్కువే ఉంది. వెనక దిగినందువల్ల కొంత పెరిగింది గానీ, బరువు పెరిగి ముందు భాగం కూడా కొంచెం దిగింది కాబట్టి ఆ మేరకు తగ్గింది. ముందు కట్టకూ యాక్సిల్ పీటకూ మధ్య ఒక డిగ్రీ ఉక్కు వెడ్జ్ ప్లేట్లు రెండు వైపులా పెట్టాం. ఈ రకం బండిలో కట్ట యాక్సిల్ మీద కూర్చుంటుంది కాబట్టి వెడ్జ్ మందం ఉన్న వైపు వెనక్కి ఉండాలి. అప్పుడే కింగ్ పిన్ పైభాగం వెనక్కి వాలుతుంది. తిప్పి పెడితే ఉన్న క్యాస్టర్ కూడా పోతుంది. ఇది పెట్టేవాళ్లు చేసే అతి పెద్ద పొరపాటు. చివరికి ఎడమ 2.6, కుడి 2.7. ఇంకా పెంచితే స్టీరింగ్ బరువెక్కుతుంది, గతుకుల్లో వణుకు మొదలవుతుంది, అక్కడితో ఆపాం.

ఆఖరున గాలి, టో. ముందు టైరుకు ఇప్పుడు పడే బరువు 780 కేజీలు. టైరు కంపెనీ లోడ్ చార్టు ప్రకారం ముందు 55 పీఎస్ఐకి తగ్గించాం. వెనక నాలుగూ సమానంగా, ఆ చార్టులో జంట టైర్లకిచ్చిన వరుస చూసి పెట్టాం. జంట టైర్లకు ఒక్కో టైరు మోసే బరువు తక్కువగా లెక్కిస్తారు, ఒంటి టైరు వరుస చూడకూడదు. నిండు ట్యాంకుతో, ఇద్దరు మనుషుల్ని కూర్చోబెట్టి టో 2 మి.మీ. లోపలికి సెట్ చేశాం. డ్రాగ్ లింక్ పొడవు మార్చి స్టీరింగ్ చక్రాన్ని నిటారుకు తెచ్చాం. స్టీరింగ్ చక్రం వంకరగా ఉంటే టై రాడ్‌తో సరిచేస్తారు కొందరు. అలా చేస్తే సెట్ చేసిన టో మారిపోతుంది.

రోడ్డు మీద

టెస్ట్ డ్రైవ్ నేను చేయలేదు. ఓనరే నడపాలి, చేతులకు అలవాటైన బాధ పోయిందో లేదో ఆయనకే తెలుస్తుంది. చంద్రగిరి దాటి పూతలపట్టు రోడ్డు పట్టుకున్నాం. డెబ్బై దగ్గర "స్టీరింగు మీద వేళ్లు వదులు చేయండి సార్" అన్నాను. బండి తన లేన్‌లోనే పోయింది. ఎదురుగా గ్రానైట్ దిమ్మెలు వేసుకుని వచ్చే లారీలు దాటినప్పుడు బాడీ ఒక్కసారి కదిలింది, ఆయన చెయ్యి కదల్లేదు. పాకాల వైపు మలుపుల్లో స్టీరింగ్ దానంతటది మధ్యకు జారడం చూసి, ఆయన భార్య వెనకనుంచి "ఇదిగో, ఇట్లుండాల," అన్నారు. మరుసటి రోజు వాళ్లు భాకరాపేట ఘాట్ మీదుగానే ఇంటికి వెళ్లి ఫోన్ చేశారు. ఘాట్‌లో చేతితో వెనక్కి తిప్పాల్సిన పని రాలేదన్నారు.

గాలి తాకిడి పూర్తిగా పోలేదు, పోదు కూడా. అంత ఎత్తు, అంత వెడల్పున్న బాడీ పక్కనుంచి బస్సు దూసుకుపోతే ఒక తోపు తగులుతుంది. ఒక్క తోపు తగిలి బండి తనంతట తాను సర్దుకుంటే అది మామూలే. దానికోసం చేతులు రెండోసారి పని చేయాల్సి వస్తేనే ఏదో తేడా ఉన్నట్టు.

స్టీరింగ్ డాంపర్ వేయించుకోమని ఆయనకు ఎవరో గట్టిగా చెప్పారట, వేయించమంటారా అని అడిగారు. వద్దన్నాను. డాంపర్ గతుకుల్లో వచ్చే వణుకును, అదురును తగ్గిస్తుంది, దానికి అది మంచిదే. తిరిగి రాని స్టీరింగ్‌కు డాంపర్ వేస్తే తిరిగి రావడం ఇంకా నెమ్మదిస్తుంది. మొదట్లో తుప్పు పట్టిన కింగ్ పిన్‌తో డాంపర్ కూడా కలిసి ఉంటే ఆ బండి ఇంకా ప్రమాదకరంగా ఉండేది. వెనక ఎయిర్ సస్పెన్షన్ సలహా కూడా వచ్చిందట. బరువును సరైన చోట పెట్టాక దాని అవసరం కనబడలేదు.

ఖర్చులో ఎక్కువ భాగం కింగ్ పిన్ పనికి, ట్యాంకు మార్పుకు పోయింది. అలైన్‌మెంట్ చార్జీ అందులో చాలా చిన్నది. బండి కొన్నప్పుడే, బాడీ కట్టే ముందే ట్యాంకు ఎక్కడ పెట్టాలో బిల్డరుతో కూర్చుని మాట్లాడుకుని ఉంటే ఈ ఖర్చులో సగం ఉండేది కాదు. కొత్తగా క్యారవాన్ కట్టించుకునేవాళ్లు బెడ్డు రంగు, సింకు డిజైను కన్నా ముందు అడగాల్సింది ఇదే: నీళ్లు, బ్యాటరీలు, సిలిండరు వెనక యాక్సిల్‌కు ముందా, దాని అవతలా? అలాగే కింద కోటింగ్ కొట్టించేటప్పుడు గ్రీజు నిపిళ్లన్నిటికీ టేపు వేయించాలి, కొట్టాక ఒక్కోదానికి గన్ పెట్టి గ్రీజు బయటికి వస్తోందో లేదో దగ్గరుండి చూసుకోవాలి.

యూ బోల్టులను 500 కి.మీ. తర్వాత మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగించాం. కొంచెం తిరిగాయి, కొత్త బోల్టులకు అది సహజం. ఇంకొకటి మిగిలింది. వెనక టైర్ల పక్కన ఉండే నాలుగంకెల తేదీ చూస్తే నాలుగూ 2017లో తయారైనవి. ట్రెడ్ బాగానే కనిపిస్తోంది, పక్క గోడల మీద మాత్రం సన్నటి పగుళ్లు వచ్చాయి. క్యారవాన్లు తక్కువ తిరుగుతాయి, ఎండలో ఎక్కువ నిలబడి ఉంటాయి. అందుకే టైరు అరిగేలోపే ముసలిదైపోతుంది. వచ్చే యాత్రకు ముందే నాలుగూ మార్చాలని రాసిచ్చాను. అదే సైజు, అదే లోడ్ రేటింగు ఉన్నవి వేయించమన్నాను. వేరే సైజు వేస్తే వెనక ఎత్తు మారి, క్యాస్టర్ మళ్లీ కొలవాల్సి వస్తుంది.